తిరిగి మార్చుట: గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి జీవితంలో ఒక సూత్రం

ఉపక్రమం

ఒక వస్తువును ఒక రూపం నుండి వేరొక రూపంలోకి మార్చడం పరివర్తన. మారిన దానిని తిరిగి మొదటి రూపానికి తేవడం పునఃపరివర్తన. లోకవ్యవహారంలో మొదటి క్రియకే గౌరవం ఎక్కువ. శాస్త్రవ్యవహారంలో రెండవ క్రియ లేనిదే మొదటి దానికి ప్రామాణ్యం సిద్ధించదు. ఋగ్వేద సంహితకు శాకల్యుడు పదపాఠం ఏర్పరిచాడు. సంధులు విడదీసి ప్రతి పదాన్ని వేరుగా నిలిపిన పాఠం అది. అయితే అధ్యేత అక్కడితో ఆగడు. క్రమపాఠంలో రెండేసి పదాలను మళ్ళీ సంధితో కలుపుకొంటూ సంహితారూపానికి వస్తాడు. విడదీసినది తిరిగి కలిసి మొదటి పాఠమే అయినపుడు విడదీత సరియైనదని తెలుస్తుంది. లీలావతిలో భాస్కరాచార్యులు చెప్పిన విలోమవిధి కూడ ఇటువంటిదే. ఫలితం నుండి వెనుకకు నడిచి, గుణించిన చోట భాగించి, కూడిన చోట తీసివేసి, మూలరాశిని పట్టుకోవడం దాని స్వరూపం.

ఈ ఉదాహరణలలో పునఃపరివర్తన ప్రయోజనం పరీక్ష. దీనికి మరొక ప్రయోజనం ఉంది. అది ప్రత్యర్పణం, అనగా ఎవరి వద్ద నుండి తీసుకొన్నామో వారికి తిరిగి వారిదిగా అందజేయడం. పరీక్షతో మొదలుపెట్టి ప్రత్యర్పణం వరకు నడిచిన పండితులు అరుదు. అట్టివారిలో గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు ప్రథమగణ్యులు. వ్యావహారిక భాషోద్యమ నాయకులుగా ఒకవైపు, సవర భాషా శాస్త్రవేత్తగా మరొకవైపు ఆయనను రెండు ప్రకరణాలుగా చెప్పడం మనకు అలవాటు. ఈ రెండు ప్రకరణాలకు సూత్రం ఒక్కటే అని నిరూపించడం ప్రస్తుత వ్యాసోద్దేశ్యం.

జననం, విద్యాభ్యాసం

రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీముఖలింగ క్షేత్రానికి సమీపాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. ఆ ప్రాంతం అప్పటి గంజాం జిల్లాలోనిది, నేడు శ్రీకాకుళం జిల్లాలోనిది. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. తండ్రి పర్లాకిమిడి సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. 1875లో ఆయన విషజ్వరంతో మరణించారు. బాలుడైన రామమూర్తిగారు విజయనగరం మహారాజా వారి ఆంగ్ల పాఠశాలలో చదువు సాగించారు. అక్కడ గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. 1879లో మెట్రిక్యులేషన్ పూర్తయింది. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయ పదవి లభించింది. ఉద్యోగం చేసుకొంటూ ప్రైవేటుగా చదివి బి.ఏ. పట్టం పొందారు. చరిత్ర ఆయన అభిమాన విషయం. పాఠశాల కళాశాల అయిన తరువాత అక్కడనే బోధించి 1911లో ఉద్యోగ విరమణ చేశారు.

శాసనపఠనం: మొదటి పాఠం

చరిత్రను బోధించే అధ్యాపకునికి చరిత్ర మూలాలు చేరువలోనే ఉన్నాయి. ముఖలింగంలోని మధుకేశ్వరాలయపు గోడల మీదను స్తంభాల మీదను గాంగరాజుల కాలపు శాసనాలు అనేకం ఉన్నాయి. నిత్యం దర్శనానికి వచ్చే గ్రామస్థులకు అవి అక్షరాలని తెలుసును గాని, వాటిలో ఏమున్నదో తెలియదు. వారి పూర్వులు చదువగలిగిన లిపి కాలక్రమాన వారికే అపరిచితమైపోయింది. రామమూర్తిగారు గురువు సహాయం లేకుండ గ్రంథాల ఆధారంతో ప్రాచీన లిపులను అభ్యసించి, ఆ శాసనాలను వర్తమాన లిపిలోకి తెచ్చారు. గాంగుల రాజధానిగా ప్రసిద్ధమైన కళింగనగరం ఈ ముఖలింగమే అని ప్రతిపాదిస్తూ ఆంగ్లంలో పరిశోధన ప్రకటించారు.

శాసనాన్ని చదవడమనేది స్వభావతః పునఃపరివర్తన. శిల్పి చేతిలో ధ్వని శిల మీది రేఖగా మారింది. పాఠకుడు ఆ రేఖను మళ్ళీ ధ్వనిగా మార్చాలి. ఒక అక్షరం ఊహించి చదివితే అర్థం చెడుతుంది, ఛందస్సు చెడుతుంది, పేరు మారిపోతుంది. చదివిన పాఠాన్ని ప్రతి పర్యాయం రేఖతో సరిచూసుకోవలసి ఉంటుంది. ఈ క్రమశిక్షణ రామమూర్తిగారికి యౌవనంలోనే అలవడింది. తరువాతి కాలంలో ఆయన వాదాలలో కనిపించే ప్రమాణనిష్ఠకు మూలం ఇక్కడ ఉన్నది. ఎంతటి వారి మాట అయినా సాక్ష్యంతో పోల్చి చూడనిదే అంగీకరించకపోవడం శాసనపాఠకుని లక్షణం.

సవరభాష: ధ్వని నుండి లిపికి, లిపి నుండి ధ్వనికి

పర్లాకిమిడి పట్టణం కొండల అంచున ఉన్నది. ఆ కొండలలో సవరలు నివసిస్తారు. ఐతరేయ బ్రాహ్మణంలో ఆంధ్రులతో పాటు శబరుల పేరు వినిపిస్తుంది. ఈ సవరలకు ఆ ప్రాచీన నామంతో సంబంధం కలదని పండితులు భావిస్తూ వచ్చారు. సంతకు, కచేరీకి, వడ్డీ వ్యాపారి ఇంటికి దిగివచ్చే సవరకు పల్లపువారి భాష రాదు. పల్లపువారికి సవర భాష రాదు. మధ్యలో నిలిచే దుబాసీ చెప్పినదే సాక్ష్యం, అతడు లెక్కించినదే బాకీ. దుబాసీ ఒక మాటను మార్చి చెప్పినపుడు, ఆ మాట తిరిగి తన భాషలో ఎలా ఉందో సవరకు వినిపించే వారు లేరు. పునఃపరివర్తన లేని అనువాదం ఎంత అన్యాయానికి అవకాశమిస్తుందో దీనివలన తెలుస్తుంది.

రామమూర్తిగారు సవరభాష తెలిసిన వ్యక్తిని తమ ఇంట ఉంచుకొని ఆ భాషను నేర్చుకొన్నారు. కొండలలో తిరిగి పదాలను, పాటలను, కథలను సేకరించారు. సవర భాష తెలుగు వలె ద్రావిడ భాష కాదు. అది ఆస్ట్రో-ఆసియాటిక్ కుటుంబంలోని ముండా శాఖకు చెందినది. తెలుగు వర్ణమాలలో లేని ధ్వనులు అందులో ఉన్నాయి. గళరంధ్రాన్ని క్షణకాలం బిగించి విడవడం వలన పుట్టే స్పర్శధ్వని వాటిలో ముఖ్యమైనది. దీనికి తెలుగులో అక్షరం లేదు. గుర్తు లేకుండ తెలుగు అక్షరాలతో సవర మాటను వ్రాసి చదివితే, చదివిన వానికి లోపం కనిపించదు. విన్న సవరకు మాత్రం అది తన మాట కాదని వెంటనే తెలుస్తుంది. ధ్వనిని లిపిగా మార్చడంలో జరిగిన నష్టం, లిపిని ధ్వనిగా తిరిగి మార్చినపుడే బయటపడుతుంది. అందువలన ఆయన ధ్వనిశాస్త్రాన్ని స్వయంకృషితో అభ్యసించి, ఒక ధ్వనికి ఒకే సంకేతం ఉండే విధంగా వ్రాత పద్ధతిని ఏర్పరచుకొన్నారు.

వ్యాకరణంలోను ఇదే చిక్కు ఎదురైంది. సవరలో నామానికి పూర్ణరూపం ఒకటి, క్రియాపదంలో ఇమిడే హ్రస్వరూపం ఒకటి ఉంటాయి. పులికి పూర్ణరూపం కినా, క్రియలో చేరేది కిడ్. పులి నిన్ను పట్టుకొంటుంది అనే వాక్యార్థమంతా ఞమ్-కిడ్-త్-అమ్ అనే ఒకే పదంలో పలుకవచ్చు. పట్టుట, పులి, కాలసూచకం, నిన్ను అనే నాలుగు అంశాలు వరుసగా అందులో ఇమిడి ఉన్నాయి. దీనిని తెలుగులోకి మార్చితే మూడు పదాలవుతాయి. ఆ మూడు పదాలను పట్టుకొని మాటకు మాటగా తిరిగి సవరలోకి మార్చితే, ఒక్క పదంలో ఇమిడిన ఆ సహజమైన పలుకు తిరిగి రాదు. కనుక పదపట్టిక మాత్రమే తయారుచేస్తే భాష చేతికి రాదని, వాక్యాలు, కథలు, పాటలు కావలెనని గ్రహించడం ఆయన పరిశ్రమలోని విశేషం.

ఈ కృషికి ఫలితంగా మద్రాసు ప్రభుత్వం 1931లో ఆయన సవర భాషా వ్యాకరణాన్ని ఆంగ్లంలో ప్రకటించింది. 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడ్డాయి. రెండు దిక్కుల నిఘంటువులను ఒకే పండితుడు సిద్ధం చేయడం గమనింపదగినది. అధికారి సవరతో మాట్లాడడానికి మొదటిది చాలును. సవర ఏమన్నాడో అధికారికి అర్థం కావాలంటే రెండవది కావాలి. మొదటిది ఆజ్ఞకు ఉపకరణం, రెండవది విజ్ఞాపనకు ఉపకరణం.

మూల్యం

ఈ పరిశ్రమకు ఆయన చెల్లించిన మూల్యం స్వల్పం కాదు. మన్యంలో తిరుగుతున్న కాలంలో మలేరియా సోకింది. దానికి వాడిన క్వినైను వలన వినికిడి దెబ్బతిని, చెవుడు జీవితాంతం నిలిచిపోయింది. తండ్రిని తీసుకొనిపోయిన జ్వరం కుమారుని ప్రాణం విడిచి శ్రవణశక్తిని తీసుకొన్నది. ధ్వనులను వినడమే వృత్తిగా పెట్టుకొన్న వ్యక్తికి ఇంతకంటె పెద్ద నష్టం ఊహించడం కష్టం. తాను వ్రాసుకొన్న సంకేతాలను తిరిగి ధ్వనులుగా సరిచూసుకోవలసిన చెవి సహకరించని స్థితిలో, కుమారుడు గిడుగు వేంకట సీతాపతిగారి తోడ్పాటు ఆయనకు ఆధారమైంది. సీతాపతిగారు తదనంతరం కూడ సవరభాషలో కృషి కొనసాగించారు.

ప్రత్యర్పణం

భాషను సేకరించి విద్వత్పత్రికలలో ప్రకటించిన పాశ్చాత్యులు, దేశీయులు మరికొందరు ఉన్నారు. సేకరించిన భాషను ఆ జనుల పిల్లలకే వాచకంగా తిరిగి ఇచ్చినవారు తక్కువ. రామమూర్తిగారు సవరలో వాచకాలు, కథలు, పాటల పుస్తకాలు సిద్ధం చేశారు. సొంత ధనం వెచ్చించి సవర పిల్లలకు బడులు నడిపించారు. ప్రభుత్వం వాచకాలకు పారితోషికం ఇవ్వజూపినపుడు దానిని స్వీకరించక, ఆ ద్రవ్యంతో సవరలకు బడులు పెట్టవలసినదిగా కోరారు. 1913లో ప్రభుత్వం ఆయనకు రావుసాహెబు బిరుదు నిచ్చింది. ఆ తరువాత కైజర్-ఇ-హింద్ పతకం వచ్చింది.

బిరుదుల కంటె ఆ నిరాకరణ ముఖ్యమైనది. సవరల నోట పుట్టిన మాట కాగితం మీదికి వచ్చింది. ఆ కాగితానికి వెల లభించినపుడు అది ఎవరికి చెందాలి అనే ప్రశ్నకు ఆయన క్రియతో సమాధానం చెప్పారు. పునఃపరివర్తన ఇక్కడ పరీక్ష దశను దాటి ధర్మమయింది.

తెలుగు వచనం: రెండుమార్లు మార్చే శ్రమ

1906 ప్రాంతంలో ఉత్తర మండలాల పాఠశాలల పర్యవేక్షకుడుగా వచ్చిన జె.ఏ. యేట్స్ దొరకు ఒక సందేహం కలిగింది. ప్రజలు మాట్లాడే తెలుగుకు, పుస్తకాలలోని తెలుగుకు ఇంత దూరం ఎందుకని ఆయన విచారించాడు. విశాఖపట్నం ఎ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనకు గురజాడ, గిడుగుల పేర్లు సూచించారు. అప్పటి నుండి రామమూర్తిగారి దృష్టి తెలుగు బోధన వైపు తిరిగింది.

సవర బడిలో చూసినదే తెలుగు బడిలో ఆయనకు కనిపించింది. బాలుడు తన మాటలో ఆలోచిస్తాడు. వ్రాయవలసి వచ్చినపుడు ఆ ఆలోచనను తనకు పలుకుబడిలో లేని రూపాలలోకి మార్చుకొంటాడు. చదివేవాడు దానిని మళ్ళీ తన మాటలోకి మార్చుకొంటే గాని గ్రహించడు. ఒక భావం ఒక తెలుగువాని నుండి మరొక తెలుగువానికి చేరడానికి రెండు పరివర్తనలు జరుగుతున్నాయి. రెండింటిలోను నష్టానికి అవకాశముంది. పరభాషల మధ్య అనివార్యమైన ఈ శ్రమను ఒకే భాషలోపల కల్పించుకోవడం ఎందుకు అన్నదే ఆయన వాదానికి సారం.

ఈ వాదానికి ఆయన చూపిన సాక్ష్యం శాసనపాఠకుని పద్ధతిలోనే ఉంది. గద్యచింతామణిలో పూర్వుల వచనాన్ని గుదిగుచ్చి, వాడుక భాషలో వ్రాయడం నూతన దుర్మార్గం కాదని, పూర్వాచారమని నిరూపించారు. బాలకవి శరణ్యం, ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం అనే గ్రంథాలలో, గ్రాంథికాన్ని విధిగా భావించిన పండితుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధ ప్రయోగాలను ఎత్తిచూపారు. నియమం చెప్పినవారి వాక్యాన్ని ఆ నియమంతోనే సరిచూడడం విలోమవిధి. పండితులకు అది పరిహాసంగా తోచి బాధ కలిగించి ఉండవచ్చు. ఆయన ఉద్దేశం పరిహాసం కాదు. నిర్మాతలకే అలవడని భాషను పదేళ్ళ పిల్లల మీద మోపరాదన్నది ఆయన అభిప్రాయం.

పోరాటం సుగమంగా సాగలేదు. పాఠశాలాంత పరీక్షలలో వ్యావహారిక రచనకు లభించిన అనుమతి, జయంతి రామయ్యపంతులుగారు మొదలైన వారి ప్రతిఘటన వలన నిలువలేదు. గురజాడవారు 1914లో తమ అసమ్మతిపత్రం సమర్పించి, 1915 నవంబరులో దివంగతులయ్యారు. రామమూర్తిగారు 1919లో తెలుగు అనే మాసపత్రికను నడిపారు. అదే సంవత్సరం రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. గ్రాంథికంలో జీవితమంతా వ్రాసిన వీరేశలింగంగారు తుదిదశలో ఈ పక్షానికి రావడం ఉద్యమానికి గొప్ప బలం. ఆ సంవత్సరం మే నెలలోనే వారు పరమపదించడం తీరని నష్టం. తరువాత రెండు దశాబ్దాలు రామమూర్తిగారు ఊరూర సభలలో, చెవులకు వినిపించని ప్రత్యర్థుల వాదాలను కాగితం మీద చదువుకొని, గంటల తరబడి ప్రత్యుత్తరాలిచ్చారు.

విజయాలు, పరిమితులు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. తెలుగువారి ప్రాంతాలను ఒరిస్సాలో కలపడాన్ని వ్యతిరేకించిన రామమూర్తిగారు, అర్ధశతాబ్దికి పైగా నివసించిన పట్టణాన్ని విడిచి రాజమహేంద్రవరం చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదంతో సత్కరించింది. 1940 జనవరి 22న ఆయన కీర్తిశేషులయ్యారు. వ్యావహారికం పత్రికలకు, పాఠ్యగ్రంథాలకు, విశ్వవిద్యాలయాలకు వ్యాపించిన స్థితి ఆయన పూర్తిగా చూడలేదు. ఆయన జన్మదినం నేడు తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతున్నది.

పరిశోధకునికి స్తుతి ఒక్కటే చాలదు. సవర కృషిలో ప్రత్యర్పణం సంపూర్ణం కాలేదని అంగీకరించాలి. వ్యాకరణ నిఘంటువుల మాధ్యమం ఆంగ్లం. ఆ ధ్వనిసంకేతాలు శాస్త్రజ్ఞునికి సుబోధం, సామాన్య సవరకు దుర్గ్రాహ్యం. రామమూర్తిగారు పర్లాకిమిడి విడిచిన 1936లోనే సవరలలో పుట్టిన మంగై గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ అనే స్వతంత్ర లిపిని నిర్మించాడు. 2012లో అది యూనికోడ్‌లో చేరింది. పైనుండి తిరిగి ఇచ్చినదానిని స్వీకరించడంతో తృప్తి చెందక, ఆ జాతి తన భాషను తానే తిరిగి తీసుకొన్నదని దీనిని వ్యాఖ్యానించవచ్చు. ఇది రామమూర్తిగారి కృషికి ఖండన కాదు, దాని తరువాతి మెట్టు.

ఉపసంహారం: మారేడుమిల్లి బడి

రామమూర్తిగారి క్షేత్రం తూర్పు కనుమల ఉత్తరభాగం. ఆ కనుమలకే చెందిన గోదావరి మన్యంలో, రంపచోడవరం దాటి భద్రాచలం వెళ్ళే కొండదారిలో మారేడుమిల్లి ఉంది. ఆయన కార్యక్షేత్రం అది కాకపోయినా, ఆయన లేవనెత్తిన రెండు ప్రశ్నలు ఆ ప్రాంతంలో ఒకేచోట కలుస్తాయి. అక్కడ కోయలు, కొండరెడ్లు నివసిస్తారు. కోయ పిల్లవానిది వేరొక ద్రావిడ భాష. అతని స్థితి పర్లాకిమిడి సవర బాలుని స్థితి. కొండరెడ్ల మాతృభాష తెలుగే, కాని పుస్తకంలోని తెలుగు కాదు. ఆ పిల్లవాని స్థితి 1906 నాటి తెలుగు బాలుని స్థితి. ఒకే బల్ల మీద కూర్చున్న ఈ ఇద్దరికీ ఒకే వాచకం ఇచ్చినపుడు, ఒకరు భాష మార్చుకోవాలి, మరొకరు పలుకుబడి మార్చుకోవాలి.

2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, కువి, కొండ, గోండి, కొలామి మొదలైన ఎనిమిది భాషలలో, తెలుగు లిపితో, మాతృభాషా ప్రాతిపదికపై ప్రాథమిక విద్యా కార్యక్రమాన్ని చేపట్టింది. రామమూర్తిగారి సవర వాచకాలకు ఇది దూరపు వారసత్వం. ఇటువంటి కార్యక్రమాలలో మాతృభాషను సాధారణంగా వంతెనతో పోలుస్తారు. పిల్లవాడు దాని మీదుగా తెలుగులోకి, అక్కడి నుండి ఆంగ్లంలోకి వెళ్ళాలన్నది ఉద్దేశం. తిరిగి వచ్చే దారి గురించిన ఆలోచన స్వల్పం. చదువుకొన్న కోయ యువకుడు తాను నేర్చిన వైద్యాన్ని, చట్టాన్ని, సేద్యపు శాస్త్రాన్ని తన అవ్వకు కోయలో చెప్పగలిగినపుడే ఆ చదువు సరియైనదని పరీక్షకు నిలుస్తుంది. చెప్పలేకపోతే పరివర్తన మాత్రమే జరిగింది, పదపాఠం మిగిలింది, సంహిత పోయింది.

ప్రాచ్య కళాశాలలలో పనిచేసే మనకు ఈ జీవితం నుండి గ్రహింపదగిన కర్తవ్యం ఒకటి ఉంది. పద్యానికి ప్రతిపదార్థం చెప్పించిన తరువాత, ఆ అర్థం నుండి విద్యార్థి తిరిగి పద్యం వద్దకు చేరాడో లేదో చూడటం మన నిత్యవిధి. మన్యంలో సేకరించిన పాటకు, కథకు, పదానికి కూడ ఆ విధినే అన్వయించుకోవాలి. సిద్ధాంతగ్రంథం పూర్తయి పట్టం చేతికి వచ్చిన తరువాత, సేకరించినది ఆ గూడెంలో ఒకసారి తిరిగి చదివి వినిపించాలి. అక్కడి వృద్ధులు ఇది మా మాటే అని ఒప్పుకొన్న నాడు మన పరిశోధన ముగిసినట్టు.